అమ్మ రీలు కడిగిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు మా ఇంటి కొట్టుగదిలో ఉన్నవాళ్లం ఇద్దరం: నేను, మా చెల్లెలు. ఉన్న వస్తువులు ఇవి. ఎనామిల్ పళ్లేలు మూడు, వాటిలో ఒకదానికి అంచు పెచ్చులేచింది. మందు పొడుల పొట్లాలు అయిదు. హైపో గడ్డలు అరవీశె దాకా, ఒక సీసాలో. కొత్త మట్టికుండలు రెండు, తడి ఇసుకలో గొంతు దాకా పాతినవి. జొన్నల బస్తాలు నాలుగు, అందులో రెండోదాని మీద చెల్లెలు కూర్చుంది. కిటికీకి గోనెపట్టాలు, వాటి మీద బొంత. తలుపు సందుల్లో కుక్కిన పాతచీర పీలికలు. థర్మామీటరు ఒకటి, దాని గొట్టంలోనే ఉంది. గోడమేకుకు నా చొక్కా, దాని జేబులో నా నోటుబుక్కు. ఒక రీలు, ఎనిమిది ఫొటోలది. అందులో మొదటి అయిదూ నేను పనిచేసే సాగర్ కుడికాలువ గట్లవి. చివరి మూడూ మా అమ్మవి.

అమ్మ ఆ రోజు ఉదయం ఏడున్నరకు చనిపోయింది. పన్నెండింటికి ఇంట్లోంచి తీసుకువెళ్లాం. చెల్లెలు రెండు గంటల పది నిమిషాలకు వచ్చింది. ఆమె అమ్మ ముఖం చూడలేదు. అది చూపిస్తానని చెప్పి ఆమెను ఆ గదిలో కూర్చోబెట్టాను.

ఇందులో నా లెక్కలు రెండున్నాయి. రెండూ తప్పాయి. మొదటిది చెల్లెలి రాక గురించి.

మా ఊరు నకరికల్లుకు నాలుగు మైళ్లు. చెల్లెల్ని ఇచ్చింది గురజాల పక్క పల్లెకు. ఎనిమిదింటికి మా పాలేరును సైకిలు మీద నకరికల్లు పంపాం, అక్కడ బస్సు పట్టుకుని వెళ్లి కబురు చెప్పమని. మే నెల. రేగడి నేల నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. శవాన్ని ఎంతసేపు ఉంచాలని పెద్దవాళ్లు నన్ను అడిగారు. నేను పెద్దకొడుకును, పైగా చదువుకున్నవాణ్ని. నోటుబుక్కు తీసి లెక్కవేశాను. మనిషి చేరడానికి మూడు గంటలు, పిల్లను సిద్ధం చేసుకుని బయల్దేరడానికి అరగంట, పిడుగురాళ్లలో బస్సు మారాలి, అక్కడ గంటో గంటన్నరో పోతుంది, నకరికల్లులో దిగాక నాలుగు మైళ్ల నడక. ఎంత తొందరగా వచ్చినా నాలుగున్నర. అప్పటిదాకా ఆగలేమని నేనే చెప్పాను.

ఆమె బస్సులో రాలేదు. సున్నపురాయి లోడు లారీ ఒకటి గురజాల రోడ్డు మీద పోతుంటే చంకలో బిడ్డతో అడ్డం నిలబడిందట. డ్రైవరు పిడుగురాళ్లలో దించకుండా నకరికల్లు దాకా తెచ్చి దించాడు. అక్కడి నుంచి నడిచింది. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి దుమ్ముతో గుమ్మంలోకి వచ్చి, కడిగి ఆరిన అరుగును, బోర్లించిన మంచాన్ని చూసి నిలబడిపోయింది. నేను శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి అరగంట కూడా కాలేదు.

"యాడ పెట్టార్రా అమ్మని?" అంది.

మా మేనత్త వచ్చి బిడ్డను అందుకుంది. చెల్లెలు నావైపు తిరిగింది.

"ఒక్క రెండు గంటలు ఆగలేకపోయావా అన్నా? నాకేమన్నా పది మంది అమ్మలున్నారా?"

నాన్న అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనే అన్నాడు, నెమ్మదిగా, "ఫొటో తీశాడుగా అమ్మా వాడు. అందులో ఉందిలే మీ అమ్మ." చెల్లెలు ఆ మాట పట్టుకుంది. "ఏదీ? చూపిచ్చు," అంది. రీలు ఇంకా కడగలేదని చెప్పాను. "అయితే కడుగు. ఇప్పుడే కడుగు. నేను చూసిందాకా పచ్చి మంచినీళ్లు ముట్టను," అంది.

మేనత్తకు ఇది నచ్చలేదు. "మైలలో ఆ మందులూ మాకులూ ఏందిరా? పదకొండో రోజు పొయ్యాక చేసుకోవచ్చుగా," అంది. చెల్లెలి ముఖం చూసి తనే ఊరుకుంది.

ఆ మూడు ఫొటోల సంగతి ఇక్కడ చెప్పాలి.

అమ్మ అంతకుముందు ఎప్పుడూ ఫొటో దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. చెల్లెలి పెళ్లికి నరసరావుపేట నుంచి స్టూడియో అతను వచ్చినప్పుడు కూడా వంటశాలలోకి వెళ్లి కూర్చుంది. గుంటూరులో డిప్లొమా అయ్యాక, కాలువ పనుల్లో సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు నేను సెకండ్‌హ్యాండు బాక్సు కెమెరా కొన్నాను. ఊరికి వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ని. ఒప్పుకునేది కాదు. ఏప్రిల్‌లో ఆమెకు కడుపులో గడ్డ అని, కోసినా లాభం లేదని నరసరావుపేట డాక్టరు చెప్పి ఇంటికి పంపాడు. ఆ మాట ఆమెకు మేం చెప్పలేదు. ఆమె మమ్మల్ని అడగలేదు. చివరిసారి కెమెరా బయటికి తీసినప్పుడు తనే అంది:

"ఇంకా తగ్గేదానికి ఏముందిలే. తియ్యి. చెల్లికొకటి పంపు."

ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, చెల్లెలి పెళ్లికి కొన్న వంగపండు రంగు చీర కట్టించుకుని, నులకమంచం మీద లేచి కూర్చుంది. బాక్సు కెమెరాను పొట్టకు ఆనించి పట్టుకుని, తల వంచి పైనున్న అద్దంలోకి చూడాలి. మొదటి ఫొటో తీస్తుంటే అడిగింది, "నా మొహం చూడకుండా ఆ పెట్టెలోకి చూస్తావేందిరా?" రెండోదానికి నవ్వింది. మూడోది దగ్గర్నుంచి, ఆరడుగుల్లో, ముఖం వరకే తీశాను. అయిపోగానే చెయ్యి చాపింది.

"ఏదీ?"

"ఇప్పుడే రాదమ్మా. మందుల్లో కడగాలి."

"కడుగు మరి, ఆలస్యమేంది?"

ఆలస్యం నాది. డెవలప్ చేసే మందులు అయిపోయాయి. గుంటూరుకు మనియార్డరు పంపి తెప్పించుకునేసరికి పదహారు రోజులు పట్టింది. ఈలోగా రీలును నరసరావుపేట స్టూడియోలో ఇచ్చి ఉండవచ్చు. ఇవ్వలేదు. అంతకుముందు నాలుగు రీళ్లు మాచర్ల దగ్గర మా క్వార్టర్సులో నేనే కడిగాను, నాలుగూ బాగా వచ్చాయి. నాలుగూ డిసెంబరుకూ ఫిబ్రవరికీ మధ్య కడిగినవి. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే మేలో కడగడానికి చేయవలసినవన్నీ ముందుగానే రాసుకున్నాను.

ఫిల్ము మీద ఉండే బొమ్మ ఒక పల్చటి జిగురు పొరలో ఉంటుంది. నీళ్లు వేడిగా ఉంటే ఆ పొర మెత్తబడి ఫిల్మును వదిలేస్తుంది. మందుతోపాటు వచ్చిన కాగితంలో ఇలా ఉంది: నీళ్లు ఎనభై ఫారన్‌హీట్ డిగ్రీలు దాటితే పటిక కలపండి, ఎనభై అయిదు దాటితే కడగవద్దు. అమ్మకు బాగాలేదని కబురు రాగానే మందులతో వచ్చిన నేను, ముందురోజు పొద్దున్నే కొత్తకుండలు రెండు తెచ్చి, కొట్టుగదిలో ఇసుక పోసి, తడిపి, అందులో పాతి, తెల్లవారుజామున బావిలో తోడిన నీళ్లు నింపాను. ఆ మర్నాడు పొద్దున అయిదున్నరకు, అంటే అమ్మ పోవడానికి రెండు గంటల ముందు, థర్మామీటరు ముంచి చూశాను. డెబ్బై ఆరు. నోటుబుక్కులో రాసుకున్నాను: నీళ్లు 76, సరి. పక్కన టిక్కు పెట్టాను. అమ్మ అప్పుడు మెలకువగానే ఉంది. సాయంత్రానికి బొమ్మ చూపిస్తానన్నాను. తల ఊపింది.

మూడు గంటలకు తలుపు మూసే ముందు నోటుబుక్కు ఒకసారి చూసుకున్నాను. పళ్లేలు, సరి. మందు తూకాలు, సరి. చీకటి, సరి. నీళ్లు 76, సరి. చొక్కా విప్పి మేకుకు తగిలించి, కుండల్లోంచి నీళ్లు ముంచి మందులు కలిపాను. నా చేతికి నీళ్లు చల్లగానే తగిలాయి. తలుపు వేసి, పీలికలు కుక్కాను.

మా ఇంటికి నాపరాళ్ల కప్పు. వెలుతురు చుక్క కూడా రాదు, గాలీ రాదు. చెల్లెలు లోపలే ఉంటానంది. పనిలో మాట్లాడించవద్దని చెప్పాను. గడియారం కనపడదు కాబట్టి ఆమెకు ఒక పని అప్పగించాను. అరవై లెక్కపెడితే ఒక నిమిషం, అట్లా ఆరు నిమిషాలు. "ఆమాత్రం వచ్చులే, నాలుగు దాకా చదివా," అంది. బస్తా మీద కుదురుగా కూర్చున్న చప్పుడు వినిపించింది.

రీలుకు చుట్టి ఉన్న కాగితం విప్పి, ఫిల్మును వేరుచేసి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని మొదటి పళ్లెంలోకి దించాను. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి. ఫిల్ము మందులో నుంచి పోతూ రావాలి. చీకట్లో ఆమె లెక్క మొదలైంది. కొన్ని అంకెల దగ్గర ఆగి, వదిలిన చోటి నుంచే అందుకునేది. రెండో నిమిషం అయ్యాక ఆగి అడిగింది:

"ఏ చీర కట్టుకుంది?"

"నీ పెళ్లి చీర. వంగపండుది. లెక్క తప్పమాక."

"తప్పలేదు. నవ్విందా?"

"ఒకదాంట్లో."

"అది నాకియ్యి," అని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

తడిసిన ఫిల్ము మామూలుగానే వేళ్లకు జారుడుగా ఉంటుంది. నాలుగో నిమిషంలో, ముప్పై దాటాక, నా కుడి బొటనవేలి కింద ఒక ముడత తగిలింది. వేలు తీసి మళ్లీ పెట్టాను. ముడత ఇంకాస్త పక్కకు జరిగింది, కాచిన పాల మీద మీగడను వేలితో నెట్టినట్టు. ఏమవుతోందో నాకు వెంటనే తెలిసింది. ఇది ఆ కాగితంలో ఉన్న విషయమే. చెయ్యగలిగింది మాత్రం ఏమీ లేదు. వంటింటి గూట్లో చెరువునీళ్లు తేర్చుకునే పటికముక్క ఉంది, ఎనిమిది అడుగుల దూరం. తలుపు తీస్తే ఫిల్ము మొత్తం వెలుతురు తిని నల్లబడుతుంది. తియ్యకపోతే కరుగుతుంది.

చెల్లెలు లెక్కపెడుతూనే ఉంది. ఆపమని నేను అనలేదు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. అయిదో నిమిషం కూడా పెట్టింది. ఆరోదీ పెట్టింది. నేను ఫిల్మును నీళ్లలో ఒకసారి ముంచి, బొమ్మను నిలబెట్టే మందు హైపోలో వేశాను. మధ్యలో ఎక్కడా పట్టుకోలేదు. కొసలు మాత్రమే పట్టుకున్నాను.

"అయిందా?"

"ఇంకో అయిదు నిమిషాలు."

"అది కూడా పెట్టనా?"

"పెట్టు," అన్నాను.

అయిదు నిమిషాలయ్యాక పీలికలు లాగి తలుపు తీశాను. ముందు పళ్లెం చూశాను. హైపోలో నల్లటి పొరలు తేలుతున్నాయి. కొన్ని అగ్గిపెట్టె అంత, కొన్ని గోరంత. పైకెత్తిన ఫిల్ము గాజులాగా ఉంది. ఎడమచేతి కొసన, నేను పట్టుకున్నందువల్ల మందులో సరిగా మునగని చోట, రెండంగుళాలు నిలిచింది. అది మొదటి ఫొటో. కాలువ గట్టు, ఒక మట్టితట్ట. కుడిచేతి వైపున్న మూడు ఫొటోల చోట ఏమీ లేదు.

చెల్లెలు నా చేతిలోంచి తీసుకుని గుమ్మంలోకి వెళ్లి వెలుతురుకు పట్టింది. చాలాసేపు చూసింది.

"ఇందులోంచి గోడ కనబడతందన్నా," అంది.

నేను జరిగింది చెప్పాను. జిగురు పొర సంగతి, వేడి సంగతి. ఆమె వింటూ లోపలికి వచ్చి పళ్లెం ముందు గొంతుక్కూర్చుంది. వేలితో ఒక పొరను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇందులో మొహం ఏది?"

నాకు తెలియదు. ఎంగిలి మెతుకుల్లాగా పళ్లెంలో తిరుగుతున్న ఆ ముక్కల్లో ఏది కాలువ గట్టో ఏది అమ్మో చెప్పడానికి పద్ధతి లేదు. అమ్మ ముఖం ఉందేమోనని కొన్నింటిని ఒక అద్దం ముక్క మీదికి ఎత్తి చూశాను. వేలు తగలగానే చెదిరిపోయాయి. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంక దాన్ని కెలకమాక," అంది.

అప్పుడు తీశాను థర్మామీటరును. కుండలో ముంచాను. తొంభై నాలుగు.

పెరట్లోకి వెళ్లి, ఆ కుండల్లో నీళ్లు ఎవరు ముట్టుకున్నారని అడిగాను. అంట్లు తోముతున్న పక్కింటి పిన్ని తలెత్తి చూసింది.

"నేనేరా. శవం లేవగానే ఇంట్లో ఉన్న నీళ్లన్నీ పారబొయ్యాలి గదా. మీ మేనత్త పుణ్యానికి చెప్పింది కొట్టుగదిలో గూడా కుండలుండాయని. రెండూ కడిగి, తొట్లో నీళ్లు పోసి మళ్లీ అట్టానే ఇసకలో పెట్టా. ఏమే, ఇసక గూడా తడిపాం గదా?"

చివరి మాట మేనత్తతో. ఆమె అవునంది. తొట్టి పెరట్లో ఎండలో ఉండే రాతితొట్టి. పశువులకని పొద్దున నింపింది.

"ఏమైందిరా? ఎవురన్నా తాగారా ఆ నీళ్లు?" అని పిన్ని అడిగింది.

లేదన్నాను. ఇద్దరూ ఆ ఉదయం నుంచి మా ఇంట్లోనే చాకిరీ చేస్తున్నారు. ఆమె కుండలు కడిగిన తీరు కూడా శ్రద్ధగా ఉంది. మూతలు ఎలా పెట్టానో అలాగే పెట్టింది.

ఈ ఆచారం నాకు తెలియనిది కాదు. తాత పోయినప్పుడు, నాకు పదకొండేళ్లు, ఇంట్లోని బిందెలన్నీ బజార్లో బోర్లించినవాళ్లలో నేనూ ఉన్నాను. నోటుబుక్కులో నేను రాసుకున్న పనులు పద్నాలుగు. అమ్మ బతికి ఉంటుందనుకుని రాసుకున్నవి. ఆమె పోయాక ఆ జాబితా ఇంకొక ఇంటిదైపోయింది. నేను మళ్లీ చదివింది పాతదాన్నే. థర్మామీటరు ముంచి చూడటం అర నిమిషం పని. టిక్కు ఉంది కాబట్టి చూడలేదు. చేతికి చల్లగా ఉన్నాయి కాబట్టి కూడా చూడలేదు. గదిలో నూటపదికి దగ్గరగా ఉన్నప్పుడు తొంభై నాలుగు చల్లగానే తగులుతుంది. అది చదువుకున్నవాడికి తెలియవలసిన విషయం.

నాన్నకు ఎవరు చెప్పారో తెలియదు. నేను అరుగు మీదికి వెళ్లేసరికి ఆయన ముఖం రోడ్డువైపు తిప్పుకుని ఉన్నాడు. "చీర బాగుందా అందులో?" అని మాత్రం అడిగాడు. బాగుందన్నాను. చెల్లెలు ఆ రాత్రి మంచినీళ్లు తాగింది, మేనత్త బలవంతం మీద. నాతో మాట్లాడలేదు. కోపం అనుకుంటే నాకు కొంత తేలికగా ఉండేది. పదకొండో రోజు వరకూ ఉండి, వెళ్లేటప్పుడు బస్సు దగ్గర అంది, "నాకు అమ్మ మొహం గుర్తుందిలే అన్నా. నా బిడ్డకే లేదు."

తరవాత ఒకసారి నరసరావుపేట స్టూడియో అతనితో మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఎవరిదో అన్నట్టు చెప్పాను. అతను నవ్వాడు. "ఎండాకాలం ఐసు లేకుండా మేమే రీలు ముట్టుకోమండీ. సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ కాణ్ణించి దిమ్మె వస్తేనే డార్క్‌రూము తలుపు తీసేది. పల్లెటూళ్లో ఎవురండీ అంత ధైర్యం చేసింది?" నాకు తెలిసినవాళ్లేనని చెప్పి వచ్చేశాను. కెమెరా ఇంకా ఉంది. అందులో మళ్లీ రీలు వెయ్యలేదు.

ఆ పైఏడు చెల్లెలు ఉత్తరం రాసింది. కూతురికి మాటలు వచ్చాయని, అమ్మమ్మ ఎట్టా ఉండేదని అడుగుతోందని. అమ్మ తెలియకుండా ఏ పెళ్లి గ్రూపు ఫొటోలోనైనా పడి ఉంటుందేమో వెతకమని. ఆమె పేర్లు రాసిచ్చిన చుట్టాల ఇళ్లన్నీ సెలవు పెట్టి తిరిగాను. నకరికల్లు, సత్తెనపల్లి, గురజాల, రెండు మాచర్లలో. ప్రతి ఇంట్లో గోడమీది ఫ్రేములు దింపించి, పెట్టెల అడుగున ఉన్నవి తీయించి, భూతద్దంతో ఒక్కొక్క ముఖం చూశాను. ఎవరి పెళ్లి, ఏ వరస, ఎంతమంది, అన్నీ రాసుకున్నాను. "మీ అమ్మా? ఫొటో అతను వచ్చాడంటే మాయమయ్యేది గదరా," అని అన్ని ఇళ్లలోనూ అన్నారు. కొందరు నవ్వుతూ అన్నారు. సత్తెనపల్లిలో దొరికిన ఒకదాంట్లో పందిరి గుంజ వెనక ఒక మోచెయ్యి ఉంది. అమ్మదేనని మేనత్త అంది. చెల్లెలికి పంపాను. గాజులు అమ్మవి కావని తిప్పి పంపింది. దాన్ని లెక్కలో వెయ్యలేదు.

తిరిగిన ఇళ్లు పదకొండు. చూసిన ఫొటోలు నలభై రెండు. అమ్మ ఉన్నవి సున్నా.